లాగెడి కుక్కకు తగిన బెల్టు, గొలుసు

(చెరువు గట్లమీదను, తోటలలోను కుక్కలను పెంచు రైతులకు)

కొల్లేటి చుట్టుప్రక్కల చేపల చెరువు గట్టుమీద కాపలా పాక ఉన్నచోట కుక్క కూడ ఉండును. కైకలూరు, మండవల్లి, ఆకివీడు, నిడమర్రు, ఎటు పోయినను ఇదే వరస. రాత్రివేళ వల భుజాన వేసికొని వచ్చిన దొంగను, మేత బస్తాలకు మరిగిన పందికొక్కులను, చేపలకై గట్టెక్కు నీటికుక్కను మనిషికంటె ముందు పసిగట్టునది అదియే. తాడేపల్లిగూడెము మెట్టవైపు కొబ్బరితోటలలోను, కోళ్ళ ఫారముల వద్దను నాటు కుక్కలు కాపలా ఉన్నవి. ఏలూరు పట్టణములోనైతే అల్సేషియన్లు, లాబ్రడార్లు డాబాలమీదికి చేరినవి. జాతి ఏదైనను, ఊరు ఏదైనను యజమాని మొర ఒక్కటే: “గొలుసు వేసి బయటకు తీసుకెళ్తే చెయ్యి ఊడిపోయేట్టు లాగుతుందండీ!”

వ్యవసాయాధికారికి కుక్కల సంగతి ఎందుకని కొందరు నవ్వవచ్చును. పైరు చూడబోయిన ప్రతి గట్టుమీదను మాకు మొదట ఎదురువచ్చునది కుక్కయే. దానిని పట్టుకొన్న మనిషి నిలబడునో, చెరువులోనికి జారునో మాకును పట్టిన విషయమే. వైద్యమునకు సంబంధించినంతవరకు పశువైద్యుని మాటయే ప్రమాణము. ఇక్కడ చెప్పబోవునది కుక్కను నడిపించు సామాను గురించి.

ఇది చిన్న విషయము కాదు

లాగెడి కుక్కను ఇంటివారు బయటికి తీసికొనిపోవుట మానుదురు. బయటికి పోని కుక్క రోజంతయు కట్టుగొయ్యకే ఉండును. ఒంటిలోని సత్తువ తీరు దారిలేక, విడిచిననాడు మరింత లాగును. అందువలన మరల కట్టివేయుదురు. ఇంతవరకు యజమాని బాధయే. అసలు నష్టము దీని తరువాత వచ్చును. గొలుసుతో నడువని కుక్క పశువైద్యశాలకు పోదు. పశువైద్యశాలకు పోని కుక్కకు పిచ్చికుక్క వ్యాధి టీకా పడదు. గట్టుమీద టీకాలేని కుక్క, పాకలో చిన్నపిల్లలు, పొలమునకు వచ్చిపోవు కూలీలు: ఇవి మూడును ఒకచోట ఉండకూడదు.

పిచ్చికుక్క వ్యాధి, అనగా రేబిస్, లక్షణములు పైకి కనబడిన తరువాత దాదాపు తప్పక ప్రాణము తీయును. ప్రపంచము మొత్తముమీద ఏటా సుమారు 59,000 మంది దీనివలన మరణించుచున్నారని అంచనా. మనుషులకు ఈ వ్యాధి సోకుట నూటికి 99 వంతులు కుక్కల ద్వారానే. అయినను ఇది టీకాతో పూర్తిగా ఆపగలిగిన వ్యాధి. కుక్కపిల్లకు మూడు నెలల వయస్సున మొదటి టీకా, పశువైద్యుడు చెప్పిన గడువులో రెండవది, ఆ తరువాత ఏటేటా ఒకటి వేయించవలెను. కుక్క కరచినచో గాయమును పారెడి నీటిక్రింద సబ్బుతో 15 నిమిషములు కడిగి, ఆనాడే ఆసుపత్రికి పోయి మనిషికి వేయు టీకా మొదలుపెట్టవలెను. పసుపు, సున్నము, కారము అద్దుట కూడదు.

కుక్క నడక సరిపడిన సామానుతో కుదిరినచో ఈ టీకా పని సగము తేలికయగును. ఆ సామాను ఏదో చూతము.

కుక్క ఎందుకు లాగును?

మొదటి కారణము నడక వేగము. మనిషి నడక కుక్కకు చాలదు. దాని సహజమైన దుడుకు నడకకు మనము వెనుకబడుదుము. రెండవది, లాగినప్పుడెల్ల అది కోరిన చోటికి చేరుచున్నది. వాసన వచ్చిన తుప్ప వద్దకు, ఎదుటి గట్టు కుక్క వద్దకు, ఇంటి వద్ద గిన్నె వద్దకు మనలను ఈడ్చుకొని పోవును. లాగుటకు కూలి వెంటనే ముట్టుచున్నది. ముట్టిన కూలికి పని మానువాడెవడు? మూడవది ఎదురు తన్నుట. దూడను తలుగు పట్టి ముందుకు లాగిన వెనుకకు తన్నును. కుక్కను వెనుకకు లాగిన ముందుకు తన్నును. గొలుసు ఎంత బిగబట్టిన అంత లాగుట ఇందువలననే.

ఎద్దు ఎక్కడ ఆనుకొని లాగునో గమనించిన రైతుకు ఈ విద్య సగము తెలిసినట్లే. కాడి మూపురమునకు ముందు ఆనును. ఎద్దు తన బరువంతయు దానిమీద మోపి బండిని కదలించును. జట్కా గుఱ్ఱమునకు రొమ్ముమీద పట్టె. మంచు దేశములలో చక్రములు లేని బండ్లను లాగు కుక్కలకు కూడ రొమ్ము, భుజములమీద ఆనుకొను మెత్తని పట్టెలే వేయుదురు. బరువు లాగుటకు ఏ జంతువునకైనను నొప్పి పుట్టని ఆనిక కావలెను. దీనికి భిన్నమైనది ముకుతాడు. అది ఎద్దు బలముతో పోరాడదు. తల త్రిప్పును, తల తిరిగినవైపు ఒళ్ళు తిరుగును.

కుక్క సామానంతటిని ఈ రెండు తెగలలో పెట్టి చూడవలెను. కాడివంటిది ఏది, ముకుతాడువంటిది ఏది?

మెడ బెల్టు

మెడ బెల్టు ఈ రెండింటిలో దేనిక్రిందికిని సరిగా రాదు. కుక్క లాగినపుడు బరువంతయు గొంతుకమీద పడును. అక్కడ గాలిగొట్టము, రక్తనాళములు, నరములు పైపైననే ఉన్నవి. దగ్గుచు, గురకపెట్టుచు లాగెడి కుక్కను అందరును చూచియే ఉందురు. మెడ నొక్కినపుడు కంటిగ్రుడ్డులోని ఒత్తిడి పెరుగునని, అదే బలము రొమ్ము బెల్టు ద్వారా పడినపుడు అట్లు పెరుగలేదని 2006లో అమెరికా పశువైద్య పత్రికలో ఒక పరిశోధన వెలువడినది. 2020లో ఇంగ్లండు పరిశోధకులు మెడ ఆకారమున చేసిన నమూనాకు రకరకముల బెల్టులు తొడిగి లాగి చూచిరి. గట్టిగా లాగినపుడు మెడకు హాని చేయని బెల్టు ఒక్కటియు తేలలేదు. వెడల్పు బెల్టు సన్నదానికంటె మేలే. కాని వెడల్పు ఒక్కటే రక్ష కాదు.

అందుచేత మెడ బెల్టు వద్దని కాదు. యజమాని ఫోను నెంబరు చెక్కిన బిళ్ళ తగిలించుటకు, పాక వద్ద కట్టుటకు, లాగుడు మానిన కుక్కను నడిపించుటకు అది చాలును. నాటు కుక్కకు అంగుళము, పెద్ద జాతికి అంగుళమున్నర వెడల్పు ఉండవలెను. బెల్టుకు మెడకు మధ్య రెండు వ్రేళ్ళు అడ్డముగా దూరవలెను. ఒక వ్రేలు మాత్రమే దూరిన బిగువు. మూడు దూరిన తల జారి బయటికి వచ్చును.

కొల్లేటి గట్లమీద తరచుగా కనబడునది బెల్టు కూడ కాదు, వలకు వాడు నైలాను తాడు. చేతికి అందుబాటులో ఉన్నది గనుక మెడకు చుట్టి ముడివేయుదురు. సన్నని తాడు లాగినకొలది కోసికొనిపోవును. పిల్లప్పుడు కట్టిన తాడును పెరిగిన తరువాత వదులుచేయుట మరచినచో అది చర్మములోనికి దిగి, పుండుపడి, వానకాలమున పురుగులు పట్టును. ఇట్టి కుక్క రాత్రి కాపలా ఏమి కాయగలదు? కొబ్బరిపీచు తాడు, గోనె తాడు కూడ ఒరిపిడికి వెండ్రుకలు ఊడగొట్టునవే.

ఉరి గొలుసు, ముళ్ళ బెల్టు, కరెంటు బెల్టు అని మూడు రకములు పట్టణపు దుకాణములలోను, ఫోనుద్వారా తెప్పించువారివద్దను దొరకుచున్నవి. లాగినపుడు మొదటిది బిగియును, రెండవది గ్రుచ్చును, మూడవది మీట నొక్కిన షాకు కొట్టును. కొన్నాళ్ళు లాగుట తగ్గినట్లు కనబడును. కాని ఎదురుగా పిల్లవాడో, మరొక కుక్కయో కనబడిన క్షణమున మెడ నొచ్చినచో, ఆ నొప్పి వారివలన వచ్చినదని కుక్క తలంచును. లాగుడు మాన్పబోయి కరచు కుక్కను తయారు చేసినట్లగును. ఈ మూడింటిని కొనవద్దనియే మా సలహా.

బాడీ బెల్టులో రెండు తెగలు

దుకాణములో బాడీ బెల్టు అని అడిగిన వెంటనే చూపించునది వీపుమీద ఉంగరము గలది. చూచుటకు బాగుండును, తొడుగుట తేలిక, గొంతుకకు హాని లేదు. కాని ఇది కాడి తెగకు చెందినది. రొమ్ము నిండ ఆనిక దొరకుటచే కుక్క హాయిగా, బలముగా లాగును. 2021లో ప్రచురితమైన ఒక పరిశోధనలో అవే కుక్కలకు ఒకసారి మెడ బెల్టు, ఒకసారి రొమ్ము బెల్టు వేసి లాగుడును కొలిచిరి. రొమ్ము బెల్టుతోనే ఎక్కువ బలముగా, ఎక్కువసేపు లాగినవి. కాడి వేసి కదలవద్దనిన ఎద్దు వినునా? ఇప్పటికే లాగుడు నేర్చిన బలమైన కుక్కకు ఇది ఒక్కటే కొనుట డబ్బు దండుగ. దగ్గు గల ముసలి కుక్కకు, చిన్న జాతులకు, లాగని కుక్కకు మాత్రము ఇదియే మంచిది.

రెండవ తెగలో ఉంగరము రొమ్ముమీద, రొమ్ము ఎముక వద్ద ఉండును. తాడును అక్కడ తగిలించవలెను. కుక్క ముందుకు ఉరికినపుడు తాడు దాని ముందరి భాగమును ప్రక్కకు త్రిప్పి, మనిషివైపు మరల్చును. పని ముకుతాటిది, నొప్పి మాత్రము లేదు. లాగుడుకు కూలి దొరకకుండ చేయు సామాను ఇది. చెరువు కాపలా కుక్కలకు, అల్సేషియన్, లాబ్రడార్ వంటి బరువు జాతులకు మేము మొదట చెప్పునది దీనినే. వీపుమీద ఒకటి, రొమ్ముమీద ఒకటి, రెండు ఉంగరములును గలది దొరకినచో ఇంకను మేలు. నడక కుదిరిన తరువాత తాడును వీపుమీదికి మార్చుకొనవచ్చును.

కొనునపుడు ముందరి పట్టె తీరును చూడవలెను. రెండు భుజములకు అడ్డముగా గీత గీసినట్లు పోవునది ముందుకాలి కదలికకు అడ్డుతగులును. మెడ మొదటినుండి రెండు ప్రక్కల దిగి రొమ్ము ఎముక వద్ద కలిసి, ముందుకాళ్ళ మధ్యనుండి వెనుకకు పోవు పలుగు కఱ్ఱ ఆకారము మంచిదని సాధారణముగా చెప్పుదురు. అయితే 2019లో కుక్కల నడకను కొలిచిన ఒక పరిశోధనలో, భుజమునకు అడ్డురాదని అమ్మెడి బెల్టు కూడ కాలి చాపును తగ్గించినట్లు, కొంత ఎక్కువగనే తగ్గించినట్లు తేలినది. కావున దుకాణదారుని మాట పట్టుకొనక, తొడిగి నాలుగు బారలు నడిపించి, కాలు మునుపటివలె చాచుచున్నదో లేదో మన కంటితో చూచుకొనవలెను. ఎద్దును కొనునపుడు నడిపించి చూడక కొందుమా?

తల కళ్ళెము

మూతిచుట్టు ఒక పట్టె, చెవుల వెనుక ఒక పట్టె ఉండి, గడ్డము క్రింద తాడు తగిలించు సామాను మరొకటి కలదు. ఇది అచ్చముగా కళ్ళెము తీరు. సన్నని మనిషి కూడ పెద్ద కుక్కను దీనితో త్రిప్పగలడు. కుక్క నోరు తెరువవచ్చును, రొప్పవచ్చును, నీరు త్రాగవచ్చును. ఇది చిక్కము కాదు. అయినను దీనిని రెండవ మాటుగనే చెప్పుచున్నాము. కుక్కలు మొదట దీనిని ఏవగించుకొని పంజాలతో లాగివేయును. పదిరోజులైనను మూతికి చూపుచు, తిండి పెట్టుచు, కొద్దికొద్దిసేపు తొడిగి అలవాటు చేయవలెను. దీనితో ఒక్కసారి గట్టిగా గుంజినచో మెడ మెలిపడును. పొడుగు తాడు తగిలించి పరుగెత్తనిచ్చుట అంతకంటె ప్రమాదము. మూతి చదునుగా ఉండు పగ్ వంటి జాతులకు ఇది నిలువదు. నెమ్మది చేయి గలవారు వాడదగినది. చేయి దురుసువారి చేతికి ఈయరాదు.

సన్నతల కుక్కల సంగతి వేరు. కర్ణాటకపు ముధోల్ కుక్క, తమిళదేశపు రాజపాళయము కుక్క తల సన్నము, మెడ బలము. వెనుకకు నడిచి మామూలు బెల్టునుండి తల లాగివేసుకొనును. నాటు కుక్కలలోను ఇట్టివి కలవు. వీటికి రెండు వలయముల బెల్టు కావలెను. పెద్ద వలయము మెడకు, చిన్న వలయము తాటికి. లాగినపుడు చిన్న వలయము బిగిసి పెద్దదానిని తల దాటనీయనంతవరకు దగ్గరచేసి, అక్కడ ఆగిపోవును. ఆగిపోవుటయే దీనికి ఉరిగొలుసునకు గల భేదము.

నవారుతో బాడీ బెల్టు

బజారు బెల్టు దొరకనిచోట, లేక దొరకినది కొలతకు సరిపడనిచోట, మంచాలకు అల్లు నవారుతో చేయించుకొనవచ్చును. నూలు నవారు మెత్తన, ఒరిపిడి తక్కువ. కాని చెరువు గట్టున తడిసి బూజుపట్టును. నైలాను నవారు తడికి నిలుచును, అంచులు మాత్రము కరకు. రొమ్ముకు, చంకలకు తగులుచోట్ల నైలాను క్రింద పాత నూలుగుడ్డ మడతవేసి కుట్టినచో రెండింటి లాభమును కలియును.

కొలతలు నాలుగు తీయవలెను. మెడ మొదలు చుట్టు ఒకటి. ముందుకాళ్ళ మోచేతులకు నాలుగు వ్రేళ్ళు వెనుకగా ఎదచుట్టు రెండవది. వీపుమీద ఈ రెండు చుట్ల నడుమ దూరము మూడవది. రొమ్ము ఎముకనుండి కాళ్ళ మధ్యగా ఎదచుట్టు వరకు నాలుగవది. ఉదాహరణకు మెడ మొదలు 18, ఎద 24, వీపు 6, రొమ్ము 7 అంగుళములు గల నాటు కుక్కకు అన్నియు కలిపి 55 అంగుళములు. మడతలకు, వదులు చేసుకొనుటకు కలుపుకొని రెండు మీటర్ల నవారు తెచ్చిన చాలును. పదిహేను కిలోల లోపు కుక్కకు అంగుళపు నవారు, ఆపైవాటికి అంగుళమున్నరది.

మెడచుట్టు, ఎదచుట్టు రెండు వలయములుగా చేసి, పైన వీపు ముక్కతోను, క్రింద రొమ్ము ముక్కతోను కలుపవలెను. మెడచుట్టును రొమ్ము ముక్కయు కలియుచోట, అనగా రొమ్ము ఎముకమీద, స్టీలు ఉంగరము కుట్టించవలెను. ఈ కలయిక గొంతుకలోనికి ఎక్కక క్రిందనే నిలువవలెను. అది పైకెక్కిన బాడీ బెల్టు మెడ బెల్టుగా మారినట్లే. బడిసంచికి వాడు ప్లాస్టిక్ బకిలు లాగెడి కుక్కకు ఆగదు. ముల్లు గల ఇనుప బకిలు, అదియు తుప్పుపట్టని రకము, వేయించవలెను. అతుకు ప్రతిదానికి చదరముగా కుట్టు వేసి, మధ్యలో మూలనుండి మూలకు అడ్డుకుట్లు రెండు వేయుమని చెప్పులు కుట్టువానితో గట్టిగా చెప్పవలెను. పూర్తియైన తరువాత ఉంగరమునకు తాడు కట్టి, 45 కిలోల యూరియా బస్తా దూలమునకు వ్రేలాడదీయుడు. అతుకు ఒకటి విచ్చినను తిరిగి కుట్టించవలెను. ఆ పరీక్ష పాకలో జరుగుట మేలు, లారీ వచ్చు రోడ్డుమీద జరుగుట కాదు.

చేతి తాడు ఐదారు అడుగులు చాలును. ముప్పాతిక అంగుళము వెడల్పు నవారుకు ఒక కొస కొక్కెము, ఒక కొస చేయి దూరు ఉచ్చు. ఇనుప గొలుసు నడకకు పనికిరాదు. బరువు, చేతిని కోయును, గట్టుతేమకు నాలుగు నెలలలో కొక్కెపు స్ప్రింగు పట్టివేయును. ఇత్తడి లేక స్టీలు కొక్కెము కొంచెము ఖరీదైనను నిలుచును. పెట్టెలోనుండి తనంత తాను సాగి ముడుచుకొను తాడు గట్టుమీదికి తేరాదు. అది ఎప్పుడును బిగువుగనే ఉండి, లాగిన దారి పెరుగునని కుక్కకు నేర్పును. ఏ తాడైనను అరచేతికి చుట్టుకొనరాదు, నడుమునకు కట్టుకొనరాదు. గట్టు తడిసి జారునపుడు తాడు విడువవలసివచ్చిన వెంటనే విడిచిపోవలెను.

సామాను వేసినంత మాత్రాన చాలదు

ముందరి ఉంగరము లాగుడును అడ్డగించును, నడక నేర్పదు. నేర్పవలసినది మనిషి. తాడు వదులుగా ఉన్నంతసేపు నడువవలెను. బిగిసిన క్షణమున ఆగిపోవలెను. గుంజవద్దు, తిట్టవద్దు, స్తంభమువలె నిలువవలెను. కుక్క వెనుకకు చూచి తాడు వదులైన వెంటనే మెచ్చుకొని, ప్రక్కకు వచ్చిన చిన్న తునక పెట్టి, మరల కదలవలెను. మొదటి రెండు మూడు రోజులు పది నిమిషములలో పది గజములు కూడ పోలేరు. ఇక్కడనే చాలమంది విసిగి మానుదురు. రోజుకు రెండుమార్లు, పదేసి నిమిషములు, ఇంటిల్లిపాది ఒకే పద్ధతిగా చేయవలెను. తండ్రి ఆగుచుండగా కొడుకు లాగనిచ్చినచో కుక్క కొడుకు దగ్గర నేర్చినదే గట్టిగా నేర్చును.

తునకకు ఉడికిన కోడిగ్రుడ్డు, ఉడికించి ముల్లు తీసిన బొచ్చె చేప ముక్క మంచివి. గోరంత ముక్క చాలును. ఉప్పుచేప వద్దు. కూరలో మిగిలిన ఉల్లిపాయలు అసలే వద్దు. తాడేపల్లిగూడెము ఉల్లి మార్కెట్టుకు పేరుపడినదే గాని, పచ్చిదైనను వండినదైనను ఉల్లి కుక్క రక్తకణములను చెఱచును. ఎండుద్రాక్ష, చాక్లెట్టు కూడ అట్టివే.

నడకవేళ తెల్లవారక ముందో, ప్రొద్దుగుంకిన తరువాతనో ఉండవలెను. మన ప్రాంతమున వేసవి ఎండ 40 డిగ్రీలు దాటును. కుక్కకు మనవలె ఒంటినిండ చెమట పట్టదు. రొప్పుటయే దానికి చల్లదనము. సిమెంటు రోడ్డుమీద మీ అరచేయి వెనుకభాగము ఐదారు సెకనులు ఆన్చలేనిచో దాని పాదము కూడ ఆనలేదు. మోటారుసైకిలుకు కట్టి పరుగెత్తించుట కొందరు వేడుకగా చేయుచున్నారు. చక్రములో తాడు చిక్కినచో ఇద్దరికిని గండమే. ఎండలో అట్లు పరుగెత్తిన కుక్క వడదెబ్బకు చనిపోవచ్చును.

కొల్లేరు 1999లో అభయారణ్యముగా ప్రకటింపబడినది. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల పట్టికలో చేరినది. ఆటపాక వద్ద గూడబాతులు గూళ్ళుపెట్టు కాలమున కుక్కను ఆ దరికి విడువరాదు. పిల్లలున్న గూటిని వదలి తల్లి ఎగిరిపోయినచో పిల్లలు ఎండకు, కాకులకు పాలగును. రొయ్యల చెరువులవారికి మరియొక జాగ్రత్త: ఒక చెరువులో దిగిన కుక్కను వేరొక చెరువులోనికి పోనీయరాదు. తడి కాళ్ళతో రోగమును మోయునది మనిషి బూటు ఒక్కటే కాదు.

కట్టివేయునపుడు

బాడీ బెల్టు నడక సామాను. ఇంటికి రాగానే విప్పి ఆరవేయవలెను. రేయింబవళ్ళు ఉంచినచో చంకలలో పుండ్లు పడును, పట్టెల క్రింద పిడుదులు చేరును. వారమునకొకమారు బెల్టు తగులు చోట్లన్నియు వ్రేళ్ళతో తడిమి చూడవలెను. పిల్ల కుక్కకైతే మూడు నాలుగు రోజులకొకమారు. కట్టివేయుటకు మెడ బెల్టు, మెలిపడకుండ తిరుగు కొక్కెము గల తేలిక గొలుసు వాడవలెను. తల కళ్ళెమునకుగాని, రొమ్ము ఉంగరమునకుగాని కట్టరాదు. నీడయు నీరును గొలుసుకు అందునంత దూరములో ఉండవలెను.

1960వ సంవత్సరపు జంతుహింస నిరోధక చట్టము ఈ విషయమున స్పష్టముగా ఉన్నది. రాజ్యసభలో రుక్మిణీదేవి అరండేల్ చేసిన కృషి ఫలితముగా వచ్చిన చట్టమది. మితిమీరి పొట్టిదైన, లేక బరువైన గొలుసుతో జంతువును అనుచితమైన కాలము కట్టియుంచుట నేరము. ఎల్లప్పుడు గొలుసుతో కట్టియుంచు కుక్కను తగినంత నడిపించకపోవుట కూడ ఆ చట్టములో పేరుపెట్టి చెప్పిన నేరమే. ఇక విడిచిన కుక్క ఎవరినైన కరచినచో, తన జంతువు విషయమున అజాగ్రత్త చూపిన యజమానికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను క్రింద ఆరునెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండును పడవచ్చును. కట్టి ఉంచినను తప్పే, విడిచినను తప్పే అని ఒక రైతు మాతో అనెను. నడిపించుట ఒక్కటే రెండింటికిని నడిమి దారి.

వరద మాట మరువరాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగిన నీరు కొల్లేటికి చేరినది. అట్టివేళ గట్టు ఖాళీచేయువారు మొదట గొలుసు విప్పవలెను. తాళము వేసిన గొలుసు, తుప్పుపట్టిన కొక్కెము చీకటిలో విడిపడవు. ఒక్కచేత్తో విడివడు కొక్కెమే పాక వద్ద ఉండవలెను.

పశువైద్యశాలకు పోవునాడు

ముందరి ఉంగరపు బెల్టుతో ఇంటిచుట్టు నడక కుదిరిన తరువాత, టీకాకు ముందే రెండుమార్లు ఊరక ఆసుపత్రి గేటు వరకు తీసికొనిపోయి, తునక పెట్టి మరలించవలెను. అక్కడి మందుల వాసన దానికి కొత్త కాకుండుట మేలు. టీకానాడు మెడ బెల్టుకు ఒక తాడు, బాడీ బెల్టుకు ఒక తాడు, రెండు తాళ్ళు వేయుడు. ఒకటి జారినను రెండవది నిలుచును. కరచు స్వభావము గలదానికి చిక్కము తొడుగవలెను. గుడ్డతో మూతి బిగగట్టరాదు. రొప్పుటకు, నాలుక చాచుటకు చోటుండు బుట్ట చిక్కము కావలెను. దానిని కూడ ఇంటివద్దనే ముందుగా అలవాటు చేయవలెను.

ఆసుపత్రి ఆవరణలో గేదెలు, మేకలు నిలిచినవైపు పోక, చెట్టు క్రింద దూరముగా నిలిచి వంతు వచ్చువరకు వేచియుండుడు. పిచ్చికుక్క టీకాతోబాటు, ఎలుకల మూత్రముతో నీటిలో వ్యాపించు లెప్టోస్పైరోసిస్ టీకా సంగతి కూడ చెరువు గట్టు కుక్కల యజమానులు డాక్టరును అడుగవలెను. రెండు మూడు చెరువులవారు కలిసి ఒకేరోజున కుక్కలను నడిపింపగలిగినచో, గట్టువద్దనే టీకాలు వేయించు వీలున్నదేమో రైతు సేవా కేంద్రములోని పశుసంవర్ధక సహాయకునితో ముందుగా మాటలాడవచ్చును. టీకా వేసిన తేదీ, మరల వేయవలసిన తేదీ కార్డుమీద వ్రాయించుకొని, ఆ కార్డును చెరువు మేత లెక్కల పుస్తకములోనే ఉంచుడు. ఆ పుస్తకమును ప్రతిరోజును తెరచుట ఎట్లును తప్పదు.